ఆఖరి పాట దాకా ఉండు, బిడ్డా

నల్గొండ,
18 జూన్ 2019

బిడ్డా,

నిన్న ఫోన్లో "అత్తా, టికెట్ దొరికింది!" అని నువ్వు అరిచిన అరుపుకు నాయనమ్మ ఉలిక్కిపడింది. నీకేమైందోనని పూజగదిలోకి ఉరికింది. అది డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో వెస్ట్‌లైఫ్ అనే ఐర్లండ్ పాటల బృందం వాళ్ల పాటకచేరి టికెట్ అని నేను చెప్తే, "గంత దూరం పోయింది సదువుకోనికా, పాటలు వినడానికా?" అన్నది. ఆమెకు నేనేం చెప్పేది! ఆ రోగం నీకు అంటించింది నేనే కదా. నర్సింగ్ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ క్యాసెట్ పెడితే, ఏడేళ్ల పిల్లవు, ఒక్క ఇంగ్లీషు ముక్క అర్థం కాకుండానే రాగం తప్పకుండా పాడేదానివి.

ఇక్కడ మృగశిర వచ్చి పది రోజులైంది, వాన జాడ సరిగ్గా లేదు. కరెంటు పోతే డాబా మీద కూచొని రాస్తున్నా. ఫోన్లో చెప్తే సగం విని "సరే సరే" అంటావు. కాగితం మీదైతే మళ్లీ చూసుకుంటావని ఆశ.

ముందు టికెట్ సంగతి. మీ ఆఫీసు అమ్మాయి రాలేక నీకు అమ్మిందన్నావు. ఆమె ఖాతా నుంచి నీ ఖాతాకు మార్పించుకో, లేదంటే ఆమె పేరున్న మెయిల్ కాపీ దగ్గర పెట్టుకో. గేటు దగ్గర నిలబడి ఆమెకు ఫోన్లు చేసే పని పెట్టుకోకు. టికెట్ మీద ఏ రోడ్డు వైపు నుంచి రావాలో రాసి ఉంటుంది. దాన్ని జోన్స్ రోడ్డు, క్లాన్‌లిఫ్ రోడ్డు అని ఊరికే చదివి వదిలేయకు. ఆ రోజు గార్డాలు, అంటే అక్కడి పోలీసులు, వీధులన్నీ మూసేస్తారు. తప్పు వైపు వెళ్తే ఎదురుగా గేటు కనబడుతుంటది, పోనివ్వరు, చుట్టూ తిరిగి రమ్మంటారు. ఓకానల్ వీధిలోని స్పైర్ అనే పొడవాటి స్తంభం దగ్గర నుంచి నడిచిపో. అరగంట కూడా పట్టదు. బస్సు ఎక్కితే ఆ జనంలో బస్సే నీ వెనక నడుస్తుంది.

అక్కడ నర్సుగా పనిచేసేటప్పుడు 2012 జూన్ 23న నేను పోయినప్పుడు అది వాళ్ల ఆఖరి కచేరి అనుకున్నాం. అంతకు ముందు అక్టోబరులోనే విడిపోతున్నామని చెప్పేశారు. టికెట్లు నిమిషాల్లో అయిపోయాయి. మా వార్డులో స్లైగో నుంచి వచ్చిన ఒక నర్సు ఉండేది, ఆమె పుణ్యాన నాకొకటి దొరికింది. ఆమెతో పోవడం వల్లనే సొంత ఊరి కచేరి అంటే ఏంటో నాకు తెలిసింది. బృందంలోని షేన్, కియన్, మార్క్ ముగ్గురూ స్లైగో వాళ్లు, ఒకే బడిలో చదివినవాళ్లు. స్లైగో జనాభా 20 వేలకు అటూ ఇటూ, మన దేవరకొండ కంటే చిన్న ఊరు. దేవరకొండ పిల్లలు ముగ్గురు పోయి 80 వేల మంది పట్టే స్టేడియం నింపితే ఎట్లుంటది, చెప్పు! ఆ రోజు స్లైగో రైళ్లలో కూచోవడానికి చోటు లేదట. ఆ నర్సు షేన్ వాళ్ల అమ్మానాన్నల కేఫ్ గురించి చెప్పినప్పుడు వీరాభిమాని మాట్లాడినట్టు లేదు, పక్కింటి పిల్లాడి గురించి చెప్పినట్టే చెప్పింది.

ఇంక నాలుగోవాడు నికీ డబ్లిన్ వాడే. పైగా ఐర్లండ్ మాజీ ప్రధాని అల్లుడు. ఆ మామగారిది స్టేడియం పక్కనున్న డ్రమ్‌కాండ్రా. అంటే అల్లుడు అత్తారింటి వీధి పక్కన పాడుతున్నట్టు. మన దగ్గరైతే దీని మీద ఎన్ని జోకులు పడేవో! వాళ్లూ తక్కువ తినలేదు, నా వెనక వరసలో నిలబడ్డ ఇద్దరు ముసలాయనలు కచేరి మొదలయ్యేదాకా అవే మాట్లాడుకున్నారు.

నువ్వు నిలబడే ఆ గడ్డి గురించి కూడా ఒక మాట. అది పాటల కోసం కట్టిన చోటు కాదు. ఐర్లండ్ వాళ్ల సొంత ఆటలు గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ ఆడతారు. ఆ ఆటగాళ్లకు జీతాలుండవు, వారమంతా ఉద్యోగాలు చేసుకొని ఆదివారం వచ్చి ఆడతారు. 1920 నవంబరు 21న ఆట నడుస్తుండగా బ్రిటిష్ బలగాలు లోపలికొచ్చి కాల్పులు జరిపితే 14 మంది చనిపోయారు. అందులో మైకేల్ హోగన్ అనే ఆటగాడున్నాడు. అక్కడ ఒక వైపు గ్యాలరీని హోగన్ స్టాండ్ అన్నది ఆయన పేరుమీదే. ఇదంతా నాకు మా వార్డులో ఒక పెద్దాయన, మోకాలి ఆపరేషన్ పేషెంటు, మందులు మింగకుండా చెప్పాడు. సాయుధ పోరాటం నడిచిన జిల్లా పిల్లవు, నీకు అట్లాంటి గడ్డ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. పాట మొదలయ్యే ముందు ఒకసారి ఆ స్టాండు వైపు తల తిప్పి చూడు, అంతే.

నిలబడే టికెట్ అన్నావు కదా. ముందుకు పోవాలని పొద్దున్నుంచే లైన్లో నిలబడకు. నీది నా ఎత్తే. ముందర ఆరడుగుల వాళ్లు నిలబడితే నీకు కనబడేది వాళ్ల వీపే. మైదానం మధ్యలో, కొంచెం వెనకగా, సౌండ్ మిషన్లు పెట్టుకొని కూచునే చోటొకటి ఉంటుంది. దాని చుట్టూ ఇనుప కంచె కడతారు. ఆ కంచెకు ముందువైపు ఆనుకొని నిలబడు. వెనక నుంచి ఎవరూ తోయరు, నడుముకు ఆసరా ఉంటుంది, అన్నిటికంటే మంచి సౌండు వినబడేది అక్కడే, ఎందుకంటే సౌండు సరిచేసేవాడు వినేదీ అక్కడి నుంచే. పెద్దగట్టు జాతరలో నాయనమ్మ నిన్నెత్తుకొని జనం మధ్యలోకి పోకుండా చింతచెట్టు మొదలు పట్టుకొని నిలబడేది, గుర్తుందా? అదే తెలివి.

బట్టల గురించి మీ అమ్మ చెప్పేది వినకు, కొత్త డ్రెస్సు, కొత్త చెప్పులు వద్దు. పాత బూట్లు వేసుకో. జూలై అని నమ్మి పల్చటివి వేసుకోకు. ఎండ ఉన్నప్పుడు ఒకటి, పొద్దు వాలాక ఇంకొకటి, మీద వాన కోటు. గొడుగు లోపలికి రానివ్వరు. ఆ రోజుల్లో రాత్రి దాదాపు పదింటి దాకా వెలుతురే. కాబట్టి మొదటి గంట లైట్ల వెలుగులు పెద్దగా కనబడవు. "ఇంతేనా" అనుకోకు. చీకటి పడనియ్యి.

చిన్న బ్యాగే తీసుకుపో. నేను పెద్ద బ్యాగులో సకినాల డబ్బా పెట్టుకొని పోయిన. గేటు దగ్గర సెక్యూరిటీ పిల్లాడు ఒక సకినం తీసి వెలుతురుకు ఎత్తి చూసిండు, ఇదేం పరికరం అన్నట్టు. తినేది అని నేనే ఒకటి కొరికి చూపించాల్సి వచ్చింది. డబ్బా మాత్రం పోయింది. లోపల తిండి ధరలు చూస్తే కడుపు దానంతటదే నిండుతుంది. నాలుగింటికే ఇంట్లో అన్నం తిని బయల్దేరు. నీళ్లు తాగు, కానీ గుక్కలు గుక్కలుగా. ఆడవాళ్ల బాత్‌రూమ్ లైన్లో నేను రెండు పాటలు పోగొట్టుకున్న. చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్లలు మెడికల్ షాపులో దొరుకుతాయి, కొనుక్కో. నవ్వకు, మీ అత్త నర్సు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను మీ నాయినకు కూడా చెప్పలేదు.

ఆ రోజు శనివారం. తెల్లారి ఆదివారం నాకు పొద్దున డ్యూటీ. అప్పుడు నేనుండేది ఊరి చివర. ఆఖరి బస్సు పదకొండున్నరకు. శనివారం అర్ధరాత్రి దాటాక కూడా నైట్‌లింక్ బస్సులుంటాయని నాకు తెలుసు. తెలిసినా, ఒక్కదాన్ని, అర్ధరాత్రి, తాగినవాళ్లు ఎక్కే బస్సు అని గుండెలో ఒకటే పీకుడు. పదిన్నర నుంచి గడియారమే చూసుకున్నా. వాళ్లు పాడుతుంటే నేను బస్సు లెక్కలు వేస్తున్నా. స్లైగో నర్సు చెయ్యి పట్టుకొని ఆపింది, "ఇంకొక్కటే" అన్నది. నేను విడిపించుకొని జనంలోంచి దారి చేసుకుంటూ బయటపడ్డా.

క్లాన్‌లిఫ్ రోడ్డులోకి వచ్చేసరికి ఆఖరి పాట మొదలైంది. గోడ అవతలి నుంచి. వాళ్ల గొంతులు కాదు, ఊరంతా పాడుతున్న గొంతు. మాటలు అర్థం కాలేదు, రాగం ఒక్కటే గోడ దాటి వచ్చింది. ఆ వీధిలోవాళ్లు ఇళ్ల ముందు కుర్చీలేసుకొని కూచున్నారు, మనవాళ్లు ఎండాకాలం రాత్రి వాకిట్లో కూచున్నట్టు. ఒక ముసలామె ఒళ్లో దుప్పటి కప్పుకొని సన్నగా పాడుతున్నది. నన్ను చూసి, "ఇంత ముందే వచ్చేశావేమమ్మా?" అని అడిగింది. బస్సు అన్నా. ఆమె ఏమీ అనలేదు. పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించింది. నేను కూచోలేదు.

బస్సు దొరికింది. నాతోపాటు నలుగురే ఎక్కారు.

ఇంకెప్పుడైనా వింటాలే అనుకోవడానికి కూడా లేదు కదా, విడిపోయారు. వాళ్లు మళ్లీ కలుస్తున్నారని పోయిన ఏడు అక్టోబరులో వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఖాళీ కుర్చీ.

అందుకని నీ తిరుగు ప్రయాణం ఇప్పుడే కట్టుకో. అయిపోయాక డ్రమ్‌కాండ్రా స్టేషన్ వైపు ఉరకొద్దు, అక్కడ జనం పలచబడటానికి చాలాసేపు పడుతుంది. నీ స్నేహితులతో స్పైర్ కింద కలుద్దామని ముందే అనుకోండి. 120 మీటర్ల సూది, ఎక్కడినుంచైనా కనబడుతుంది. మన గడియారం సెంటర్ లెక్క. ఫోన్లు పనిచేయకపోయినా అక్కడికి నడిచొస్తే చాలు. ఆ రాత్రి ఊళ్లోనే ఉండే స్నేహితురాలి గదిలో పడుకో. చాప మీదైనా సరే. తెల్లారి శనివారం ఏ పనీ పెట్టుకోకు. ఒంటరిగా వెనక్కి రావాల్సి వస్తే టాక్సీకి డబ్బులు ఒక జేబులో విడిగా పెట్టు, వాటిని టీషర్టు కొనడానికి ముట్టుకోకు. ఆ టీషర్టు నాకొకటి తెస్తానన్నావు, వద్దు. ఈ వయసులో దాన్నేసుకొని రామగిరిలో తిరిగితే మా స్టాఫంతా నవ్వుతారు. (సైజు మాత్రం ఎల్.)

ఆఖరి పాట అప్పుడు నాకు ఫోన్ చేసి వినిపించకు. ఇక్కడ తెల్లవారుజామున మూడు దాటుతుంది, నాయనమ్మ మళ్లీ ఉలిక్కిపడుతుంది. నువ్వు విను. పొద్దున లేచి చెప్పు, ఏ పాటతో ఆపారో, పక్కన నిలబడ్డవాళ్లు ఎవరో, ఏ ఊరి నుంచి వచ్చారో.

సకినాలు, గరిజెలు, కారప్పొడి రేపు కొరియర్లో వేయిస్తున్నా. వచ్చే వారానికి అందుతాయి. స్టేడియానికి మాత్రం తీసుకుపోకు.

మీ అత్త