కడవరి మందిరం మహిమ అంటే మన కొత్త చర్చి గురించేనా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది పాలకొల్లు దగ్గర పల్లె. తాతల నాటి పెంకుల చర్చి పడగొట్టి, స్లాబు వేసి గోపురంతో పెద్దది కడుతున్నారు. శంకుస్థాపన రోజు ఫ్లెక్సీ మీద బైబిల్లోని హగ్గయి 2:9 వేశారు, కడవరి మందిరం మహిమ మునుపటి దాన్ని మించుతుందని. దాళ్వా (రెండో పంట) డబ్బులు రాగానే ఎకరానికి ఇంత అని రాయించుకుంటున్నారు, ఇవ్వనివాళ్ళకి ఆ మహిమలో పాలు ఉండదన్నట్టు మాట్లాడుతున్నారు. మాది కౌలు సేద్యం, టెన్షన్‌గా ఉంది. మా అబ్బాయేమో ఫోన్లో ఏదో ప్రసంగం విని, అది యెరూషలేములో రాబోయే మూడో దేవాలయం గురించి అంటున్నాడు. ఏది నిజమండీ?
(ఒక సహోదరి, పశ్చిమ గోదావరి)

జవాబు: రెండూ కాదమ్మా. ఆ మాట ఎవరితో, ఏ రోజున అన్నారో చూస్తే సగం సందేహం అక్కడే తీరిపోతుంది.

క్రీ.పూ. 586లో బబులోనువాళ్ళు యెరూషలేములో సొలొమోను కట్టించిన మందిరాన్ని తగలబెట్టి, యూదుల్ని చెరపట్టుకుపోయారు. తరవాత పారసీక రాజు కోరెషు సెలవిచ్చాక చెరలోంచి తిరిగొచ్చినవాళ్ళు పునాది వేశారు గానీ, చుట్టుపక్కలవాళ్ళు అడ్డుపడటంతో పని ఆగిపోయింది. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త లేచి మాట్లాడాక మళ్ళీ చేతులు కదిలాయి. మీ ఫ్లెక్సీ మీది మాట ఆయన చెప్పింది ఆ ఏడాది ఏడో నెల 21వ తేదీన, అంటే పర్ణశాలల పండుగ ఏడో రోజున, పని మళ్ళీ మొదలై ఇంకా నెల కూడా తిరగకముందు. అది పంట ఇంటికొచ్చిన సంతోషంతో చేసే పండుగ, మన కోత పండుగ లాంటిదే. కానీ ఆ రోజుల్లో పంట ఎక్కడుంది? ఇరవై కొలతలు వస్తాయనుకున్న కుప్పకి పదే వచ్చేవని, యాభై అనుకున్న ద్రాక్షగానుగలో ఇరవయ్యే దొరికేవని హగ్గయే రాశాడు. కోతకి సిద్ధమైన చేను తుఫానుకి పడిపోయిన ఏడాది మన ఊళ్ళలో కోత పండుగ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

దానికి తోడు, సొలొమోను తన మందిరాన్ని ప్రతిష్ఠించిందీ ఏడో నెల పండుగకే. ఆ పాత వైభవాన్ని చిన్నప్పుడు కళ్ళారా చూసిన ముసలివాళ్ళు కొందరు ఇంకా బతికే ఉన్నారు, పునాది వేసిన రోజునే వాళ్ళు బిగ్గరగా ఏడ్చారని ఎజ్రా 3లో ఉంది. వాళ్ళ ముందు ఇప్పుడున్నది అరకొర గోడలు. ఇది మీ కళ్ళకి ఎందుకూ పనికిరానిదిగా కనిపిస్తోంది కదా, అని హగ్గయే పైకి అనేశాడు, అనేసి ధైర్యం తెచ్చుకుని పని చేయండి, నేను మీకు తోడున్నాను అనే దేవుని మాట చెప్పాడు. ఆ తరవాతే మహిమ మాట వస్తుంది. చేతిలో ఏమీ లేక నీరసపడ్డవాళ్ళకి ఇచ్చిన ఓదార్పు అది, దాన్ని పట్టుకుని లేనివాళ్ళ దగ్గర వసూలు చేయడం నాకైతే మింగుడుపడదు.

వెండి నాది, బంగారు నాది అన్న 8వ వచనం కూడా చందాల దగ్గర బాగా వాడతారు. ఆ ప్రజలు కొండలెక్కి కలప తెచ్చారు, ఒళ్ళు వంచి పని చేశారు, నిజమే. కానీ తత్తెనై అనే అధికారి వచ్చి ఎవరి సెలవుతో కడుతున్నారని అడిగి పైకి రాసినప్పుడు, దర్యావేషు రాజు కోరెషు ఆజ్ఞ వెతికించి, ఖర్చంతా ఆ ప్రాంతం నుంచి తన ఖజానాకి రావాల్సిన పన్నుల్లోంచే ఇమ్మన్నాడు (ఎజ్రా 6). పని మాత్రం ఎక్కడా ఆగకూడదన్నాడు. నాలుగేళ్ళలో, క్రీ.పూ. 515 ప్రాంతంలో మందిరం పూర్తయింది.

మరి మహిమ మించిందా? యూదుల ధర్మగ్రంథం తల్మూదులో ఇద్దరు రబ్బీలు (బోధకులు) దీని మీదే వాదించుకున్నారు, మించింది కట్టడంలో అని ఒకరు, నిలిచిన ఏళ్ళలో అని ఇంకొకరు. హేరోదు రాజు దాన్ని పెంచి కట్టించాక చూపులకి గొప్పగానే ఉండేది, క్రీ.శ. 70లో రోమావాళ్ళు కూల్చేదాకా. అయితే పది ఆజ్ఞల పలకలుంచిన పెట్టె, అదే నిబంధన మందసం, అందులో లేదు. క్రైస్తవులుగా మనం చెప్పుకునేది, యేసు పసిబిడ్డగా వచ్చిందీ, పెద్దయ్యాక బోధించిందీ ఆ మందిరంలోనే అని. నేనూ అదే నమ్ముతాను.

మీ అబ్బాయికి చెప్పండి, హగ్గయి ‘ఈ మందిరం’ అంటూ ఎదురుగా ఉన్న గోడల్నే చూపిస్తున్నాడు. మూడో దేవాలయం గురించి చెప్పేవాళ్ళు యెహెజ్కేలు 40 నుంచి, 2 థెస్సలొనీకయులు 2:4 నుంచి చెబుతారు, దాని మీద విశ్వాసుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఆ చర్చ వేరే, హగ్గయిని అందులోకి లాగక్కర్లేదు.

ఇక మీ చందా. చర్చి కట్టుకోవడం మంచిదే, ఇవ్వగలిగితే ఇవ్వండి, అప్పు చేసి మాత్రం వద్దు. కౌలు కట్టగా మిగిలింది ఎంతో మీకే తెలుసు. సణుగుకుంటూ గానీ బలవంతాన గానీ ఇవ్వొద్దని పౌలు చెప్పింది (2 కొరింథీయులు 9:7) కమిటీవాళ్ళకి చూపించండి. అదే హగ్గయి వచనం రెండో సగంలో ఈ స్థలంలో సమాధానం అనుగ్రహిస్తానని ఉంది, దాన్ని ఫ్లెక్సీ మీద ఎవరూ వేయించరెందుకో!

ప్రశ్న: హోలీల్యాండ్ టూర్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు యెరూషలేములో యూదులు ప్రార్థన చేసుకునే విలాప గోడ సొలొమోను కట్టిన మందిరం గోడే అంటున్నారు. అవునా?
(ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: కాదు బాబూ. హేరోదు మందిరం చుట్టూ ఆవరణను విశాలం చేసినప్పుడు, ఆవరణలో పోసిన మట్టి జారకుండా కట్టించిన గోడలో పడమటి భాగం అది. మందిరం గోడ కానే కాదు. పైవరసల్లో చిన్న రాళ్ళు కనిపిస్తాయి, అవి తరవాతి కాలాలవాళ్ళు పేర్చినవి.