బోర్డు బాగానే ఉంది, అమ్మినాయన మాటే తేడా

సందేహం: మాది ఒంగోలు. ఇంట్లోనే గొంతు రికార్డు చేసి ప్రకటనలకు ఇస్తూ బతుకుతున్నాను. మైకు పక్కన మోత చెయ్యకుండా, కాస్త స్పీడు పెంచుకునే (ఓవర్‌క్లాక్ చేసుకునే) వీలున్న కంప్యూటరు కావాలని నెల్లూరులో ఒక షాపాయనకు వాట్సాప్‌లో రాశాను. ఇంటెల్ ఐ5-12600కే ప్రాసెసరుకు ఆయనే బీ660 మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డు) చెప్పి, "ఓవర్‌క్లాక్ అవుద్ది, ఏం ఆలోచించబాక" అని జవాబు పెట్టాడు. తీరా బిగించాక అందులో ప్రాసెసర్ స్పీడు పెంచే వీలే లేదు. ఫ్యాను మోత కూడా ఉంది. రెండు వారాల్లోపే తిరిగిస్తానంటే, బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది చూసుకోమంటున్నాడు. కేసు వెయ్యొచ్చా?

సలహా: వెయ్యొచ్చు. కానీ బోర్డు చెడిపోయిందని వెయ్యకండి. అది శుభ్రంగా పనిచేస్తోందని షాపాయన వకీలు మొదటి వాయిదాలోనే చూపించేస్తాడు. మీ కేసంతా ఆయన పెట్టిన ఆ ఒక్క మెసేజీ మీదే నిలబడాలి.

ముందు సాంకేతిక సంగతి. కే అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ స్పీడు పెంచాలంటే మామూలుగా జెడ్ రకం చిప్‌సెట్ (బోర్డు ఏం చెయ్యగలదో నిర్ణయించే చిప్పు) ఉన్న బోర్డు కావాలి. మీ ప్రాసెసర్ తరానికైతే జెడ్690 గానీ జెడ్790 గానీ. బీ660లో ర్యామ్ స్పీడు పెంచుకోవచ్చు, ప్రాసెసర్‌ది కుదరదు. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ ప్రాసెసర్లకు మాత్రం బీ550 లాంటి బీ రకం బోర్డుల మీదా ఓవర్‌క్లాకింగ్ నడుస్తుంది. షాపాయన రెంటినీ కలగలిపి చెప్పాడేమో. పొరపాటున చెప్పాడా, స్టాకు వదిలించుకోవాలని చెప్పాడా అన్నది మీరు రుజువు చెయ్యనక్కర్లేదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(10) ప్రకారం వ్యాపారి తాను చెప్పుకున్న ప్రమాణానికి సరుకు తక్కువైనా అది లోపమే, కాలిపోనక్కర్లేదు. లేని పనితనం ఉందని నోటితో చెప్పినా, ఫోనులో రాసినా సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపారం. లోపమున్న సరుకును బిల్లులో గడువు రాసి ఉంటే ఆ లోపు, రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడాన్నీ అదే సెక్షన్ తప్పు పట్టింది. మీ బిల్లులో గడువు లేదు, ఉన్నది తిరస్కారం ఒక్కటే. కాబట్టి ఆ అచ్చు వాక్యం చూసి జంకకండి.

అవతలి వాళ్లు ఎత్తే పాయింట్లు రెండున్నాయి. మొదటిది సరుకుల విక్రయ చట్టం 1930, సెక్షన్ 16. మీ అవసరం చెప్పి, అమ్మేవాడి తెలివిడిని నమ్మి కొంటే సరుకు ఆ పనికి తగినదై ఉండాలి. ఫలానా కంపెనీ ఫలానా మోడల్ ఇవ్వమని మీరే అడిగి ఉంటే ఈ రక్షణ ఉండదు. మీరు అవసరం రాశారు, మోడల్ ఆయన చెప్పాడు. అందుకే ఆ చాట్‌లో మీ ప్రశ్న నుంచి ఆయన జవాబు దాకా ఒక్క మెసేజీ కూడా చెరపొద్దు. రెండోది, దీంతో సంపాదిస్తున్నారు గనక మీరు వినియోగదారు కారని వాదిస్తారు. సొంత పని చేసుకుని బతకడానికి కొన్నది వాణిజ్య అవసరం కిందకు రాదని చట్టంలోనే వివరణ ఉంది.

ఫ్యాను మోతను మాత్రం ఫిర్యాదులో పెట్టకండి. మా ఆఫీసు కంప్యూటరు తిరగలిలా మోగుతుంటే బయాస్‌లో (కంప్యూటరు ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఫ్యాను వేగం తగ్గించారు, అణిగింది. మీదీ చాలావరకు కూలర్, సెట్టింగుల వ్యవహారమే అయ్యుంటుంది. దాన్ని కలిపితే గట్టి కేసు పల్చనవుతుంది.

బోర్డు ఇప్పుడే విప్పి పెట్టెలో పెట్టండి. ఈ రకంలో సన్నటి పిన్నులు ఉండేది బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోనే. ఒక్కటి వంగినా నేరం మీ మీదకొస్తుంది. ప్రాసెసర్ తీశాక పిన్నులు, సీరియల్ నంబరు కనిపించేలా వీడియో తీసి, సాకెట్ మీద మొదట ఉన్న నల్ల ప్లాస్టిక్ మూత మళ్లీ బిగించండి. తర్వాత 15 రోజుల గడువిస్తూ షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వకీలు అక్కర్లేదు, మీరే రాయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా షాపులు ఈ దశలోనే దారికొస్తాయి.

రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్నది నెల్లూరులోనైనా మీరుండేది ఒంగోలు గనక ఒంగోలులోనే వెయ్యొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. చాట్‌ను సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ జతచెయ్యండి. బోర్డు ధర, తిరుగుడు ఖర్చులు, ఓ మోస్తరు పరిహారం అడగండి చాలు. మనోవేదనకు లక్షలు అడిగితే బెంచి మీద నవ్వుకుంటారు.

నన్నడిగితే, తేడా డబ్బు కట్టించుకుని జెడ్ బోర్డు ఇస్తానంటే పుచ్చుకోండి. మీ ర్యామ్ డీడీఆర్4 (పాత తరం రకం) అయితే ఆ రకం స్లాట్లున్న బోర్డే అడగాలి, డీడీఆర్5 దాంట్లో అది పట్టదు. మోత తగ్గాలంటే ప్రాసెసర్‌కు కరెంటిచ్చే భాగం మీద మంచి హీట్‌సింక్, ఫ్యాన్లకు నాలుగు పిన్నుల కనెక్టర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. బిల్లులో "మదర్‌బోర్డు - 1" అని కాకుండా మోడల్ పేరు రాయించండి. స్పీడు పెంచాక ఆ కారణంగా ప్రాసెసర్ పోతే ఇంటెల్ వారంటీ వర్తించదు. అప్పుడు షాపాయన మీద కేసూ నిలవదు.