చెక్కపని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కిందటి ఆగస్టులో టేకు కొని ఇంటిముందు తలుపు చేయించినాము. రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు మూడు పలకలు. ఏప్రిల్ వచ్చేసరికి రెండు పలకలు నిలువునా పగిలినాయి. ఆచారిని అడిగితే కొయ్య మంచిది కాదంటాడు, డిపోవాళ్లను అడిగితే పని మంచిది కాదంటారు. తప్పు ఎవరిది? లప్పం పెట్టి పూడిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పగులు ఎక్కడ పడిందో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. పలక నడిమధ్యలో పైనుంచి కిందిదాకా ఒకే గీతగా చీలి ఉంటే, పలకను చట్రంలో కదలనీయకుండా బిగించారని అర్థం. గాడిలో బంక పూసి ఉంటారు, లేదా అంచున సన్నమేకులు కొట్టి ఉంటారు. ఈ రెండూ చేయకపోయినా, తలుపు బిగించాక పోసిన పాలిష్ గాడిలోకి కారి గట్టిపడితే అదీ బంకలాగే పట్టేస్తుంది. అలా కాక కొసల దగ్గర చిన్నచిన్న చీలికలు చాలా కనిపిస్తే మాత్రం కొయ్యను సరిగ్గా ఆరబెట్టలేదని అనుమానించాలి.

ఎంత ఆరిన చెక్కయినా గాలిలోని తేమను తాగుతూ, వదులుతూనే ఉంటుంది. వానాకాలంలో 14 శాతం తేమ ఉన్న చెక్క మన అనంతపురం ఎండల్లో 8 శాతానికి దిగుతుంది. టేకు తక్కువగా కదిలే కొయ్యే. అయినా 300 మిల్లీమీటర్ల వెడల్పు పలక ఈ 6 శాతం తేడాకు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. ఇది పలక కొసన వలయాల గీతలు విల్లులా వంగి కనిపించే కోత లెక్క. గీతలు నిటారుగా నిలబడి ఉన్న పలక అయితే దాంట్లో సగమే, ఒకటిన్నర మిల్లీమీటర్లు. పొడవున మాత్రం దాదాపు ఏమీ తగ్గదు. అటూ ఇటూ పట్టేసి ఉంచితే ఆ మూడున్నర మిల్లీమీటర్లు ఎక్కడినుంచి రావాలి? మధ్యలో చీలి ఇస్తుంది.

అందుకే పలకకు గాడిలో ఆట ఉండాలి. గాడి లోతు 12 మిల్లీమీటర్లు తీయించండి. వానల్లో చేసే తలుపైతే పలక అంచు దాదాపు అడుగుదాకా, మిల్లీమీటరు వదిలి, దిగొచ్చు. ఆ తర్వాత అది ఎటూ తగ్గేదే. మే నెలలో చేసేదైతే రెండువైపులా మూడేసి మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. లేకుంటే వానలకు ఉబ్బి చట్రం కీళ్లనే తెరిచేస్తుంది. బంక పలకకు ఎక్కడా తగలకూడదు. పలక ఒక పక్కకు జారిపోకుండా పైఅంచున ఒకటి, కిందిఅంచున ఒకటి, సరిగ్గా మధ్యలో సన్నమేకు చాలు. అప్పుడు రెండువైపులా సమానంగా తగ్గుతుంది. పలకలను బిగించకముందే అంచులతో సహా పాలిష్ చేయించండి. లేకుంటే ఎండాకాలంలో పలక తగ్గినచోట పాలిష్ లేని తెల్లగీత బయటపడుతుంది. ముందువైపు నాలుగు కోటింగులు వేసి వెనకవైపు ఒకటితో సరిపెడితే పలక దోనెలా వంగుతుంది.

ఇక ఉన్న పగులు సంగతి. లప్పం పెట్టకండి. వానాకాలంలో చెక్క ఉబ్బి లప్పాన్ని నలిపేస్తుంది, వచ్చే ఎండలకు ఆ పొడి రాలి పగులు ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది. ముందు పలకను విడిపించాలి. అంచు మేకులుంటే పీకి, పలకకూ చట్రానికీ మధ్య సన్నటి బ్లేడుతో పాలిష్‌ను చుట్టూ కోయాలి. అరచేత్తో తడితే పలక కొద్దిగా కదలాలి. కదిలిందంటే మే నెలాఖరులో, పగులు పూర్తిగా విచ్చుకున్నప్పుడు, బంక పోసి రెండు అంచులనూ దగ్గరికి నొక్కి పట్టించండి. దగ్గరికి రాకపోతే అదే టేకు నుంచి, అదే నార దిశలో, సన్నచీలిక తీసి బంకతో దించి, ఆరాక చిత్రిక పట్టించండి. పలక విడివడకుండా ఈ పని చేస్తే ఆ పక్కనే కొత్త పగులు పడుతుంది. గాడిలో బంకే పోసి ఉంటే పలక విడిరాదు, తలుపు విప్పించక తప్పదు.

ఇకముందు కొయ్య కొనేటప్పుడు తేమ చూసే సులువైన పద్ధతి ఒకటుంది. పలక కొసనుంచి కనీసం అడుగు లోపలికి వచ్చి ఒక అంగుళం మందం ముక్క అడ్డంగా కోయించండి. వంటింటి కాటాలో తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద ఆరబెడుతూ, బరువు తగ్గడం ఆగేదాకా మళ్లీ మళ్లీ తూచండి. మొదట 112 గ్రాములు, చివరికి 100 గ్రాములు అయితే తేమ 12 శాతం. 18 వస్తే ఆ కొయ్యతో తలుపు మొదలుపెట్టకండి. నీడలో, వడగాలి నేరుగా తగలనిచోట, పలకల మధ్య రెండేసి అడుగులకు ఒక రీపు ముక్క పెట్టి పేర్చి, కొసలకు రంగు పూసి ఆరనివ్వండి.

ప్రశ్న: మా తాతలనాటి నులకమంచానికి నులక తీసేసి పైన ప్లైవుడ్ వేసినాము. ఆరునెలల్లో నాలుగు కోళ్లూ (మంచం కాళ్లు) ఊగుతున్నాయి. మేకులు కొట్టినా నిలవలేదు. కొయ్య వేప.
– ఒక పాఠకురాలు, ఎమ్మిగనూరు

జవాబు: మీ మంచాన్ని నిలబెట్టింది నులకే. పాతకాలపు మంచంలో పట్టెల కొసన చెక్కిన కుసి, కోడులో తొలిచిన బెజ్జంలోకి దిగుతుంది. అక్కడ బంక ఉండదు, మేకు ఉండదు. నులక బిగించి లాగినకొద్దీ నాలుగు పట్టెలూ లోపలికి గుంజబడి, కుసి దగ్గరి మెట్టు కోడుకు ఆనుకుని కూర్చుంటుంది. మనిషి పడుకుంటే ఆ బిగింపు ఇంకా పెరుగుతుంది. ప్లైవుడ్ ఆ గుంజే పని చేయదు, బరువును కిందికి నొక్కుతుంది అంతే. నులక మళ్లీ అల్లించుకోవడమే మా మొదటి సలహా. వేసవిలో వెన్నుకు గాలి కూడా ఆడుతుంది.

ప్లైవుడే కావాలంటే కీలును చీలలతో, అంటే కొయ్యమేకులతో, బిగించాలి. మేకులు ముందు పీకేయండి. అవి కుసిని చీలుస్తాయి, తుప్పు పట్టి చుట్టూ కొయ్యను తినేస్తాయి. కుసి వదులుగా ఉంటే దాని రెండు చెంపలకూ సన్నటి వేపచెక్క రేకులు బంకతో అతికించి, ఆరాక కొద్దికొద్దిగా గీకి సరిచేయండి. అరచేత్తో నెట్టి, చివర కొయ్యసుత్తితో రెండు తట్లు తడితే దిగాలి. దానంతట అది జారిపోతే వదులు. పెద్దసుత్తి పట్టి బాదాల్సి వస్తే కోడు చీలుతుంది.

తర్వాత కోడుకు పక్కనుంచి, బెజ్జం నడిమిగుండా 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. కుసిని లోపలికి పూర్తిగా నెట్టి, అదే బర్మా మొనతో కుసి మీద గుర్తు పెట్టి బయటికి తీయండి. ఇక్కడే అందరూ పొరపడతారు. కుసికి రంధ్రం ఆ గుర్తు మీద వేయకూడదు. మెట్టువైపు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిపి వేయాలి. అప్పుడు చీల దిగుతూ కుసిని బలంగా లోపలికి లాక్కుంటుంది. కుసి కొసవైపు జరిపితే చీల కీలును బయటికి తోస్తుంది. రెండు మిల్లీమీటర్లు దాటి జరిపినా కుసి చీలుతుంది, లేదా చీల విరుగుతుంది. చీలకు బాగా ఎండిన వెదురును కోయకుండా నార వెంట చీల్చి, మొనను అంగుళం మేర సన్నగా చెక్కండి. ఒకే కోడులో రెండు పట్టెల కుసులు కలుస్తాయి కాబట్టి రెండు రంధ్రాలూ ఒకే ఎత్తున వేయకండి.

కొత్తగా మంచం చేయించేవారికి ఒక మాట: కుసి కొయ్య ఎప్పుడూ కోడుకంటే ఎక్కువ ఆరి ఉండాలి. ఎండిన కోడులో పచ్చి కుసి దిగితే నాలుగునెలల్లో కుసి సన్నబడి ఊగుతుంది. కుసి బాగా ఎండి, కోడులో కాస్త తేమ మిగిలి ఉంటే, కోడు ఆరుతూ కుసిని పిడికిట్లా పట్టుకుంటుంది. అలాగని మరీ పచ్చి కోడు పెడితే ఆరేటప్పుడు నిలువునా పగులుతుంది.

ప్రశ్న: చిత్రిక పడితే వేపచెక్క నున్నగా రావడం లేదు, పెచ్చులు లేస్తున్నాయి. బ్లేడు రోజూ సాన పడుతున్నాను. చెక్క తిప్పి ఇటునుంచి పట్టినా అదే తంతు.
– పని నేర్చుకుంటున్న కుర్రవాడు, ప్రొద్దుటూరు

జవాబు: వేపలో నార పొరపొరకూ దిశ మారుతుంది. ఒక పొర ఇటు, పక్క పొర అటు వాలి ఉంటుంది. అందుకే తిప్పి పట్టినా ఎక్కడో ఒకచోట ఎదురునార తగులుతుంది. దీనికి మందు మూడుచోట్ల ఉంది.

మొదటిది బ్లేడు మీద కూర్చునే పైరేకు. దాని అంచు బ్లేడు పదునుకు అర మిల్లీమీటరు దూరంలోకి తెచ్చుకోండి. లేచే పొట్టును అక్కడికక్కడే విరిచేస్తే అది చెక్కలోకి చీల్చుకుపోదు. పైరేకుకూ బ్లేడుకూ మధ్య వెలుతురు కనబడకూడదు. కనబడితే పొట్టు అందులో ఇరుక్కుని నోరు మూసేస్తుంది. రెండోది, పొట్టు ఉల్లిపొరంత పలుచగా రావాలి. పట్టేముందు తడిగుడ్డతో చెక్కను ఒకసారి తుడిస్తే నార కొంచెం మెత్తబడుతుంది. చిత్రికను నేరుగా కాక కాస్త ఏటవాలుగా నడపండి.

మూడోది పదును. రోజూ సాన పట్టడం వేరు, పదును రావడం వేరు. ఏటవాలు ముఖాన్ని మాత్రమే రుద్ది, వెనకముఖాన్ని వదిలేస్తే పదును రాదు. అంచు అంటే రెండు ముఖాలు కలిసే గీత. వెనకముఖాన్ని అంచునుంచి అంగుళం మేర అద్దంలా చదును చేయండి, ఈ పని ఒక్కసారి చేస్తే చాలు. ఏటవాలు కోణానికి కొలత సులువు: బ్లేడు మందానికి సరిగ్గా రెట్టింపు పొడవుంటే 30 డిగ్రీలు. 3 మిల్లీమీటర్ల బ్లేడుకు 6 మిల్లీమీటర్లు. ముందు 7 మిల్లీమీటర్లకు, అంటే దాదాపు 25 డిగ్రీలకు అరగదీసి, చివరి అంచును మాత్రం 30 వద్ద నాలుగైదు సార్లు రుద్దండి. వెనకవైపు వేలితో తడిమితే అంచు పొడవునా సన్నటి గరుకు తగలాలి. తగలనిచోట ఇంకా పదును రానట్టే. ఆ గరుకును సన్నరాయి మీద, తర్వాత తోలుముక్క మీద వదిలించండి.

మీ సానరాయి మధ్యలో గుంటపడి ఉందేమో కూడా చూసుకోండి. గుంటరాయి మీద చదునైన అంచు రాదు. దీన్ని సరిచేయడానికి మీ జిల్లాలోనే పేరున్న సరుకు ఉంది, పాలిష్ చేసిన కడప నల్లబండ. అడుగు పొడవు ముక్క తీసుకుని, స్టీలు స్కేలు అంచు నిలబెట్టి కింద వెలుతురు దూరడం లేదని చూసుకోండి. దానిపై 220 నంబరు వాటర్ పేపరు తడిపి పరచండి. సానరాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, గీతలన్నీ చెరిగేదాకా రుద్దండి.

గ్రైండర్ మీద పట్టినప్పుడు అంచు నీలిరంగు తిరిగితే అక్కడ ఉక్కు మెత్తబడింది. ఆ నీలిభాగం మొత్తం పోయేదాకా నిదానంగా, ప్రతి రెండుమూడు సెకన్లకు నీళ్లలో ముంచుతూ అరగదీయాలి.

ప్రశ్న: ఉలి పిడులకు ఎర్రచందనం బాగుంటుందంటారు. చిన్న ముక్కలు వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజంపేట

జవాబు: అటవీశాఖ అనుమతీ రవాణా పర్మిటూ లేని ఎర్రచందనం ముక్క ఎంత చిన్నదైనా ముట్టుకోకండి. సొంత పొలంలో పెంచిన చెట్టుకైనా ఈ అనుమతులు కావాలి. పైగా పిడికి అది గొప్ప కొయ్యేమీ కాదు, సుత్తి దెబ్బలకు చీలే గుణం ఉంది. నల్లతుమ్మ చేవ, అంటే చెట్టు నడిమి గట్టి కొయ్య, తీసుకోండి, మన దగ్గర బండిచక్రాలు చేసింది దానితోనే. కొయ్యసుత్తి తలకు చింతచేవ వాడండి.

ప్రశ్న: వేప అల్మారా కింద పిండిలాంటి పొడి రాలుతోంది. వేపకు పురుగు పట్టదంటారు కదా?
– ఒక పాఠకురాలు, డోన్

జవాబు: చేవకు పట్టడం అరుదు. బెరడు కింది తెల్లచెక్కకు మాత్రం పడుతుంది, ఆకు చేదుకూ దానికీ సంబంధం లేదు. ఆ తెల్లచెక్కలోని పిండిపదార్థమే పురుగుకు తిండి. గుండుసూది తలంత రంధ్రాలు, మెత్తని పొడి కనిపిస్తే పురుగు. మట్టిగూళ్లు కనిపిస్తే చెదలు, దాని వైద్యం నేలలో చేయాలి. పురుగుకైతే 60 గ్రాముల బోరాక్స్, 40 గ్రాముల బోరిక్ యాసిడ్ రెండులీటర్ల వేడినీళ్లలో కరిగించి, గంట గంటకూ మూడుసార్లు పూయండి. పాలిష్ ఉన్నచోట మందు ఇంకదు, ముందు గరుకుకాగితంతో గీకాలి. పిల్లలకు అందనీయకండి. మందు ఆరి వారం గడిచాక మళ్లీ పాలిష్ వేయించండి. లేకుంటే తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా అది కరిగిపోతుంది.