సముద్రపు లాడ్జి సంగతి తిరుపతి లాడ్జివాణ్ణి అడిగితే

"ఊరికి దూరంగా, సముద్రం ఒడ్డున ఉండే ఖరీదైన లాడ్జిల్లో దిగితే పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉంటుందా? ఉన్నవాళ్ళు చెప్పండి" అని అడిగారు. నా మటుకు నేను చెప్పేది ఒకటే. సముద్రం చూడ్డానికైతే అంత డబ్బు దండగ. సముద్రం మా జిల్లాలోనే ఉంది. వాకాడు దాటి తూపిలిపాళెం పోతే పైసా ఖర్చు లేకుండా ఎంతసేపైనా చూడొచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతికి సముద్రం కూడా వచ్చిందని మా ఊళ్ళో సగం మందికి ఇప్పటికీ తెలియదు, అది వేరే సంగతి. మీరు డబ్బు కట్టేది ఆ లాడ్జి వెనకవైపుకి, అంటే వంటింటికీ, అక్కడ పనిచేసేవాళ్ళకీ. వెనకవైపు బాగుంటే ఎంత కట్టినా తప్పులేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర చిన్న లాడ్జి నడుపుతా ఉన్నా. మా నాయన పెట్టింది. పుట్టినప్పటి నుంచి దుప్పట్లు, సంపు, మోటారు, "సార్ వేడినీళ్ళు రావడం లేదు" ఇవే లోకం. అందుకే ఇంకొకరి లాడ్జిలో దిగినా నా కళ్ళు ఊరుకోవు. గీజరు ఎన్ని లీటర్లదో చూస్తా, దిండు గలీబు ముక్కు దగ్గర పెట్టుకుంటా. "మీరు పడుకోడానికి వచ్చినారా, రైడు చేసేదానికి వచ్చినారా" అని మా ఆవిడ తిడుతుంది.

మా అల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. "మామా, ఎప్పుడూ ఊళ్ళోవాళ్ళకి మీరు గదులిస్తారు, ఒకసారి మీకు గది నేనిస్తా" అని అండమాన్‌లో, హేవ్‌లాక్ దీవిలో బుక్ చేశాడు. 2018 డిసెంబరులో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు కానీ పడవవాళ్ళ నోటికి ఇంకా హేవ్‌లాకే. లాడ్జి పేరు చెప్పను. రాత్రికి అద్దె ఎంతంటే, మా దాంట్లో ఒక గది నెలంతా నిండితే వచ్చేదానిలో సగానికి పైనే. పైగా 18 శాతం జీఎస్టీ.

జీఎస్టీ అంటే గుర్తొచ్చింది. వెయ్యి లోపు గదికి 2022 జూలై దాకా పన్నే లేదు. తర్వాత 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరులో 5కి దించి, అందరూ చప్పట్లు కొడతా ఉంటే, ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మేము కొన్న సరుకు మీద కట్టిన పన్నుని మేము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, తీసేశారు. ఏడున్నర వేలు దాటిన గదులవాళ్ళకి ఆ క్రెడిట్ అట్నే ఉంది. ఆరు వందల గది ఇచ్చేవాడు కొనే పెయింటుకీ మోటారుకీ కట్టిన పన్ను మట్టిలో పోసినట్టే. ఏం న్యాయమో ఆ వెంకన్నకే తెలియాల. సరే, దీవికి పోదాం.

తిరుపతి నుంచి చెన్నైకి కారు, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి రెండు గంటల పైన విమానం, మరుసటి రోజు పొద్దున్నే పడవ. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. పడవ దిగి లాడ్జికి చేరేసరికి తొమ్మిది కూడా కాలేదు. రిసెప్షన్ అమ్మాయి నవ్వుతా తడి గుడ్డ ఇచ్చింది, కొబ్బరి బోండాం ఇచ్చింది, గది మాత్రం రెండింటికట. పోయేటప్పుడు పదకొండుకే ఖాళీ చేయాలంట. అంటే ఒక రోజు అద్దెకి వాళ్ళ రోజు ఇరవై ఒక్క గంటలే. మా తిరుపతిలో అర్ధరాత్రి రెండింటికి దిగినవాడికి మరుసటి రాత్రి రెండింటి దాకా గది వాడిదే. ఇరవైనాలుగు గంటల చెక్ అవుట్ మా ఊరు దేశానికి నేర్పించాల్సిన విద్య. ఈ మాట ఆ అమ్మాయికి కూడా చెప్పా. ఇంకో బోండాం తెచ్చింది.

గది సంగతి చెప్పాలంటే మంచం దగ్గర ఆగాల. పడాక్ కలపతో చేసింది, ఎర్రగా, చెయ్యి పెడితే నున్నగా. అండమాన్ పడాక్, మన శేషాచలం ఎర్రచందనం ఒకే ప్రజాతి చెట్లు, రెండూ ప్టెరోకార్పస్‌లే. మా కొండల్లో దాన్ని కొట్టి అమ్ముకుంటే టాస్క్‌ఫోర్స్ వెంటపడుతుంది, ఇక్కడ దాని అన్నదమ్ముడి మీద హాయిగా పడుకున్నా.

మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి సముద్రం లేదు. నిజంగానే లేదు. పొద్దున మెట్ల దాకా ఉన్న నీళ్ళు ఎక్కడో దూరంగా పోయి, మధ్యలో అంతా రాళ్ళు, చచ్చిన పగడాల దిబ్బలు, గుంటల్లో చిన్న చిన్న పీతలు. మన తీరంలో ఆటుపోట్ల తేడా అంతగా తెలియదు కదా, మా ఆవిడ భయపడింది, సునామీకి ముందు ఇట్నే పోతుందని ఎవరో చెప్పారట. ఏమీ లేదు, ఆ దీవి తూర్పు ఒడ్డు అంతే. విజయనగర్ వైపు లాడ్జిలన్నీ ఇంతే, ఆటు వచ్చినప్పుడు ఈతకు పనికిరావు. ఇసుక, లోతు కావాలంటే పడమటి వైపు రాధానగర్ పోవాల. ఆ తీరాలకి అక్కడ నంబర్లు కూడా ఉన్నాయి, రాధానగర్ ఏడో నంబరు. నీళ్ళు రోజుకి రెండుసార్లు పోయి రెండుసార్లు వస్తాయి, ప్రతిరోజూ ముప్పావుగంట పైన ఆలస్యంగా. ఇది తెలుసుకోకుండా ఫొటో చూసి "సీ వ్యూ" అని డబ్బు కట్టేవాళ్ళకి సగం పూట రాళ్ళ వ్యూ దొరుకుతుంది.

ఇంకోటి, పొద్దు. మన దేశమంతా ఒకే గడియారం కదా. తిరుపతికంటే అక్కడ సూర్యుడు దాదాపు గంట ముందు. మేము పోయిన డిసెంబరులో ఐదింటికే సంధ్య, ఐదున్నరకి కటిక చీకటి. రాత్రి చేసేదేముంది అంటారా, నాకు అక్కడే అసలు పని మొదలైంది. నేను వెనక్కి పోయా.

వెనకవైపు అంటే వంటిల్లు, ధోబీ గది, జనరేటర్ షెడ్డు, నీళ్ళ ట్యాంకులు. ఒక పిల్లోడు దీపం కింద కూర్చుని ఇత్తడి షవర్ తలని చింతపండు పిసికి తోముతా ఉన్నాడు. పక్కన బకెట్లో కొళాయి పిడులు, తువ్వాళ్ళ కొక్కీలు. ఉప్పుగాలికి వారం తిరక్కుండానే పచ్చగా చిలుము పట్టేస్తుందంట, అందుకే గదులకి వంతులు వేసుకుని ఊడదీసి తోమి మళ్ళీ బిగిస్తారు. అంత రేటున్న లాడ్జిలో చింతపండు! మా అమ్మ దీపపు కుందులు తోమేది అట్నే. "ఏ ఊరు నాయనా" అని హిందీలో అడగబోతే వాడే తెలుగులో "మాది పోర్ట్ బ్లెయిరండి, తాతగారిది సోంపేట వైపు" అన్నాడు. అక్కడ తెలుగోళ్ళు చానామంది, ఎక్కువగా శ్రీకాకుళం నుంచి పోయినవాళ్ళే. ఇక వాడు నన్ను వదల్లేదు, నేను వాణ్ణి వదల్లేదు. వాడి జీతం కూడా చెప్పాడు. ఇక్కడ రాయను, మా రూం బాయ్‌లు ఇట్లాంటివి చదువుతారు.

మేము బయల్దేరాల్సిన రోజుకి ముందు సాయంత్రం గాలి మొదలైంది. టీవీలో ఏటా వింటాం కదా, "దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం" అని. మనం అది నెల్లూరుకొస్తుందా, చెన్నైకి పోతుందా అని మాత్రమే చూస్తాం. ఆ మాట పుట్టే చోట కూర్చుని ఉంటే వేరేగా ఉంటుంది. రాత్రి భోజనాల వేళకి జెట్టీ నుంచి కబురొచ్చింది, రేపు పడవలన్నీ రద్దు. కరెంటు పోయింది. జనరేటర్ వేశారు కానీ ఏసీలు ఆపేశారు. ఆ దీవిలో కరెంటుకైనా, జనరేటర్‌కైనా డీజిల్ కావాల, డీజిల్ కూడా పడవలోనే రావాల.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన మేనేజరు మీద కేకలు. ఆయనకి విమానం పోతుంది, నిజమే, కానీ గాలిని ఆ మేనేజరు పంపలేదు కదా. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డా. బెంగాలీ వంటాయన, ఆ దీవిలో స్థిరపడ్డ కాందిశీకుల కుటుంబమే, నేల మీద గోనెసంచి పరిచి ఉర్లగడ్డలు లెక్కపెడతా ఉన్నాడు. తలకు రెండు, గెస్టులకి ఇన్ని, స్టాఫుకి ఇన్ని. గుమ్మడికాయలు పక్కన, గుడ్లు వేరే. కొత్తిమీర కట్టలు మూడే మిగిలితే తడిగుడ్డ చుట్టి పెట్టాడు. ఆకుకూర, టమోటా, పాలు అన్నీ పడవ మీద వచ్చేవే, రేపు రావు. మరుసటి రోజు డ్యూటీ మారాల్సిన పనివాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఇరుక్కున్నారు కాబట్టి ఉన్నవాళ్ళే రెండో షిఫ్టు. స్టాఫు గదుల రేకులు ఒకపక్క లేచిపోతే, సోంపేట పిల్లోడు, ఇంకొకడు ఎక్కి ఇసుక మూటలు పెట్టి వచ్చారు. వచ్చి, చేతులు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మాకు వడ్డించారు.

ఆ రోజు శనివారం. మా ఆవిడ శనివారం నీచు ముట్టదు. అంతమంది ఆకలి మీద ఉంటే ఈమె వ్రతం ఎవరికి పట్టిందిలే అనుకున్నా. వంటాయన పెసరపప్పు, బియ్యం, గుమ్మడికాయ వేసి కిచిడీ వేరే గిన్నెలో చేసి పంపించాడు, పైన నెయ్యి. మొదటిరోజు ఎప్పుడో ఒకసారి చెప్పింది, ఎవరో రాసుకున్నారు. నాకు లాడ్జి అంటే ఇదీ. స్విమ్మింగ్ పూల్ ఎవరైనా తవ్విస్తారు.

ఇంత చేసినవాళ్ళు గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు దగ్గర పరువు తీసుకున్నారు. పడవ లేక ఆగిపోయిన రాత్రికి కూడా పూర్తి అద్దె వేశారు. "పాలసీ సార్." నేను ఊరుకుంటానా. "అమ్మా, 2021 నవంబరులో మా తిరుపతిలో వరద వస్తే ఘాట్ రోడ్లు మూసేశారు, వీధుల్లో మోకాళ్ళ దాకా నీళ్ళు. మా లాడ్జిలో చిక్కుకున్నవాళ్ళ దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు, ఉప్మా కూడా మేమే పెట్టినాం. ఆరు వందల గదివాణ్ణి నేను చేసింది మీరు చేయలేరా? ఆ రాత్రికి మీ గదికి కొత్తవాడు వచ్చే దారే లేదు కదా, మీకు పోయిందేంది?" అన్నా. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపి అన్నా, ఏది అర్థమైందో తెలియదు. ఫోన్లు తిరిగాయి. ఫోను అంటే, 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక అక్కడ సిగ్నల్ బాగానే ఉంది. లాడ్జివాళ్ళు మాత్రం గదుల్లో నెట్ ఇవ్వరు, అది కూడా లగ్జరీయేనట. చివరికి సగం తగ్గించారు. హైదరాబాద్ ఆయన అరిచినా పూర్తిగా కట్టి పోయాడు. అరవడం వేరే, బేరం వేరే.

కాబట్టి బుక్ చేసే ముందు పూల్ ఎంత పొడవు అని అడక్కండి. పడవ రద్దయితే గది అద్దె ఎవరిది, అది మెయిల్‌లో రాయించుకోండి. తాగే నీళ్ళు ఎక్కడివి, వేసవిలో ఎట్లా. ఒడ్డు తూర్పా పడమరా. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళైతే డాక్టర్ ఎంత దూరం. హేవ్‌లాక్‌లో చిన్న ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్దాసుపత్రి కావాలంటే మళ్ళీ పోర్ట్ బ్లెయిరే, మళ్ళీ పడవే. తిరుగు విమానం పడవ దిగిన రోజే పెట్టుకోవద్దు, ఒక పూట తేడా ఉంచండి. పిల్లలు గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేస్తే ముందే తీసేయండి, విమానాశ్రయంలో పట్టుకుంటారు. అక్కడి తీరాల్లో మొసలి బోర్డులు కనిపిస్తే అలంకారానికి పెట్టారనుకోవద్దు, ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి.

ఈసారి అల్లుడు లక్షదీవులు అంటున్నాడు. అక్కడి లాడ్జికి పైన చెప్పిన ప్రశ్నలన్నీ రాసి పంపమన్నా. పూల్ పొడవు ఎంతో మాత్రం జవాబొచ్చిందట.