షాపు తెరిచే ముందు సాఫ్ట్‌వేర్ లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

కావలిలో పెళ్లి కార్డులు, ఫ్లెక్సీల షాపు పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. సాఫ్ట్‌వేర్ అద్దెకు తీసుకోవాలా, ఒకేసారి కొనాలా అని అడిగావంట. నాయనా, రోజూ వాడేది కొనుక్కో, అప్పుడప్పుడూ అక్కరపడేది అద్దెకు తెచ్చుకో. మన గిరాకీ అంతా ముహూర్తాల మీద నడిచేది. ఆషాఢంలో, మూఢంలో పని పడిపోతుంది, అద్దె మాత్రం ఆగదు.

ఫ్లెక్సీలు, కార్డులు డిజైన్ చేసే కోరల్‌డ్రాను ఒకేసారి డబ్బు కట్టి కొనొచ్చు. తర్వాత వచ్చే కొత్త వెర్షన్లు అందులో రావు, ఫ్లెక్సీ పనికి వాటి అవసరమూ లేదు. కొనే ధర మూడేళ్ల అద్దెకు మించకపోతే కొనెయ్. ఇన్‌స్టాల్ ఫైలు, సీరియల్ నంబరు పెన్‌డ్రైవ్‌లో భద్రంగా పెట్టు. ప్రెస్సుకు ఫైలు పంపేటప్పుడు సేవ్ యాజ్‌లో వాళ్ల వెర్షన్ ఎంచుకో, లేకుంటే వాళ్లది పాత వెర్షనైతే అక్కడ తెరుచుకోదు.

ఫొటోషాప్ సంగతి వేరు. దాన్ని తయారుచేసే అడోబ్ కంపెనీ 2013లోనే కొత్త వెర్షన్లన్నీ అద్దెకే అని ప్రకటించింది. నెలనెలా కట్టేదల్లా నెలవారీ ప్లాన్ కాదు, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. ఏడాది ఒప్పందం మీద నెలనెలా కట్టే ప్లానైతే, 14 రోజులు దాటాక మానేస్తే మిగిలిన నెలల సొమ్ములో సగం కట్టించుకుంటారు. నెలకు 2,000 అనుకో. నాలుగు నెలలకు ఆపితే మిగిలిన ఎనిమిది నెలలకు 16,000, అందులో 8,000 ఊరికే పోతుంది. సీజనుకు మాత్రమే కావాలంటే రేటు ఎక్కువైనా ఎప్పుడంటే అప్పుడు ఆపగలిగే ప్లానే మేలు. ఆపే ముందు ప్రతి డిజైన్‌నూ పీడీఎఫ్‌గా, టిఫ్ అనే బొమ్మ ఫైలుగా కూడా తీసి పెట్టుకో.

ఏడాది మొత్తం ఒకేసారి కట్టే ప్లాన్ 15,000 దాటితే, బ్యాంకు కార్డు నుంచి దానంతట అది కోత పడదు, ఓటీపీ కొట్టాలి. బ్యాంకు ముందురోజు పంపే మెసేజీని వదిలెయ్యబాక. అది చూసుకోకపోతే పెళ్లిళ్ల మధ్యలో సాఫ్ట్‌వేర్ ఆగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం తెలుగు. డబ్బు కట్టకముందే ట్రయల్‌లో లక్ష్మి, స్త్రీ, జ్యోత్స్న అని కొట్టి, వత్తులు విడిపోతున్నాయేమో చూడు. కస్టమర్లు వాట్సాప్‌లో పంపే మేటరంతా యూనికోడ్, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా ఒకేలా నడిచే అక్షరాల పద్ధతి. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేస్తే ఆ మేటర్‌ను ముందు అను అక్షరాల్లోకి మార్చుకోవాలి, మార్చాక ప్రూఫు తప్పనిసరిగా చదవాలి. ప్రెస్సుకు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా, మార్చి పంపు, కానీ మార్చని ఫైలు నీ దగ్గర ఉంచుకో. పెళ్లికొడుకు పేరు దిద్దమంటే కర్వ్స్‌లో అక్షరం దిద్దలేవు.

బిల్లు షాపు జీఎస్టీ నంబరు మీద తీసుకో. జీఎస్టీ రెగ్యులర్ స్కీములో ఉంటే బిల్లులోని ఆ 18 శాతం పన్ను నువ్వు కట్టాల్సిన పన్నులో సర్దుబాటు అవుతుంది, చిన్న వ్యాపారులకు ఉండే కంపోజిషన్ స్కీములో ఉంటే కాదు.

ఇట్లు,
మీ పెదనాన్న