పెరటి ఇల్లు విడిగా అమ్మొచ్చా?

ప్రశ్న: తిరుపతిలో మాకు 60 అంకణాల స్థలం ఉంది. ముందు 1,200 చదరపు అడుగుల ఇల్లు, పెరట్లో 600 అడుగుల చిన్న ఇల్లు. అందులో అద్దెకున్నవాళ్లే దాన్ని కొంటామంటున్నారు. అమెరికాలోని శాన్ హోసేలో ఉంటున్న మా అబ్బాయి, అక్కడ ఇలా విడిగా అమ్ముకోవచ్చంటున్నాడు. ఇక్కడ కుదురుతుందా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. కాకపోతే అక్కడ స్థలాన్ని రెండు ముక్కలు చేసి అమ్మరు. కాలిఫోర్నియా 2023లో తెచ్చిన ఏబీ 1033 చట్టం ఈ నిర్ణయాన్ని ఊళ్లకే వదిలేసింది. శాన్ హోసే 2024లో ఒప్పుకుంది. రెండు ఇళ్లనూ మన ఫ్లాట్ల పద్ధతిలోకి మార్చి, ఉమ్మడి వాటికి ఓనర్ల సంఘం పెట్టాలి. ఇంటి మీద అప్పిచ్చిన బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, భద్రతా తనిఖీ కావాలి. అప్పుడే అమ్మకం.

పెరటి ఇళ్లకని మనకు విడి చట్టం లేదు. స్థలం విడగొట్టి అమ్మితే మీ కట్టడానికి మంజూరైన ప్లాన్‌తో చిక్కు వస్తుంది. అది ఒకే ప్లాటుకి ఇచ్చింది కదా. మధ్యలో హద్దు పడగానే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీని కొత్త హద్దు నుంచి కొలుస్తారు, రెండు ఇళ్లూ ప్లాన్ తప్పినట్టవుతాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రిజిస్టరైనంత మాత్రాన కార్పొరేషన్ ఒప్పుకున్నట్టు కాదు. కొన్నవాళ్లు లోన్‌కి వెళ్లినప్పుడు బ్యాంకు ముందుగా అడిగేది ప్లానే.

అందుకే ఫ్లాట్లు అమ్మే పద్ధతే మేలు: ఇంటితో పాటు స్థలంలో అవిభాజ్య వాటా (హద్దులు వేసి విడగొట్టని ఉమ్మడి వాటా) రాయడం. కట్టడం లెక్కన మీ పెరటి ఇంటికి మూడో వంతు, అంటే 20 అంకణాలు వస్తుంది. అంకణం ఇక్కడ 36 అడుగులైతే నెల్లూరులో 72, కాబట్టి దస్తావేజులో చదరపు గజాలు కూడా వేయించండి. మీ 20 అంకణాలు 80 గజాలు. ఈ దారిలోనూ పెరటి ఇల్లు మంజూరైన ప్లాన్‌లో ఉండి తీరాలి.

అసలు గొడవలన్నీ దారి దగ్గరే. వీధి నుంచి పెరటికి 4 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు సందు ఉందనుకోండి, 160 అడుగులు, నాలుగున్నర అంకణాల లోపు. ‘నడిచే హక్కు ఉంది’ అని మాత్రమే రాస్తే ఐదేళ్ల తరవాత అక్కడ బైకు పెట్టడానికీ తగాదా. సందు ఉమ్మడిదని కొలతలతో దస్తావేజులో ఆస్తి వివరాలుండే షెడ్యూల్లో రాయించి, స్కెచ్ జతచేయండి. మురుగు పైపు దాని కిందుగా పోయే హక్కు, బోరు ఎవరిది, మోటారు కరెంటు బిల్లులో ఎవరి వాటా ఎంత, మిద్దె మీద ఇంకో అంతస్తు వేసుకునే హక్కు ఎవరిది అన్నవీ రాయండి. చివరిది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

తిరుపతిలో ఇంకో పని తప్పదు. మీ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడండి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), మఠం భూమి అయితే మిగతా లెక్కలన్నీ తరవాతి మాట. ఆస్తి మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ తీయండి. దస్తావేజులు బ్యాంకులో ఉంటే వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా అడ్వాన్సు తీసుకోకండి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, 20 లక్షలకు లక్షన్నర. ఆ తరవాత ఇంటి పన్నుకి విడి అసెస్‌మెంటు, ఎస్పీడీసీఎల్‌లో విడి కరెంటు మీటరు.

ప్రశ్న: చిత్తూరులో మేము ఉంటున్న వెనకింటిని ఓనరు 6 లక్షలకు నోటరీ కాగితం మీద రాసిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైతేనే చెల్లుతుంది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కాగితాలతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఓనరు ఎంత మంచివారైనా, రేపు వాళ్ల పిల్లలు ఆ కాగితాన్ని లెక్కచేయాల్సిన పని లేదు. ముందు ఈసీ, ప్లాన్ కాపీ అడగండి. ఇవ్వకపోతే అద్దెకే ఉండండి.