ఈస్టర్ లోపు ఉద్యోగం వస్తుందన్నారు, రాలేదు

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. మాది పలమనేరు దగ్గర పల్లె. బీఈడీ చేశాను. 2025 మెగా డీఎస్సీలో కొద్ది మార్కుల్లో పోస్టు పోయింది. తర్వాత మా ఇంట్లో ప్రార్థన కూటానికి వచ్చిన ఒక సేవకుడు నా తలమీద చెయ్యిపెట్టి, "ఈస్టర్ లోపు ఉద్యోగం వస్తుంది, ప్రభువు చూపించాడు" అన్నారు. ఈస్టర్ దాటిపోయింది. నాన్న మాత్రం దేవుని సమయం కోసం ఆగాలంటూ వచ్చిన సంబంధాన్ని కూడా పంపేశారు. ప్రైవేటు స్కూలు వాళ్లు రమ్మంటున్నారు. వెళ్తే అవిశ్వాసమా? ప్రార్థనలో కూర్చుంటే టెన్షన్ తప్ప మాట రావడం లేదు.
- ఒక సహోదరి

జవాబు: వెళ్లు తల్లీ. అవిశ్వాసం కానే కాదు.

మీకు మేలు చేసే ఆలోచనలే నాకున్నాయని దేవుడు చెప్పిన మాట, బైబిల్లో యిర్మీయా 29:11, మీ ఇంట్లో గోడమీద ఉండే ఉంటుంది. ఇక్కడ తిరుపతిలో నేనెరిగిన విశ్వాసుల ఇళ్లలో ఆ వాగ్దానం లేని ఇల్లు తక్కువ. దానికి ముందున్న వచనాన్ని మాత్రం ఎవరూ కార్డుమీద అచ్చువేయరు. అందులో డెబ్బై ఏళ్లని ఉంది. బబులోను దేశానికి బందీలుగా వెళ్లి చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది.

అంతకుముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని దేవాలయంలో జనం ముందే ప్రకటించాడు. యిర్మీయా "ఆమేన్" అన్నాడు. ఆయన మనసూ అదే కోరుకుంది మరి. కానీ హనన్యాను దేవుడు పంపలేదు. జనానికి నచ్చే గడువు చెప్పాడంతే. మీ ఇంటికొచ్చిన ఆయన మనసు నాకు తెలియదు కాబట్టి తీర్పు తీర్చను. అయితే ఆ మాట జరగలేదు. అది నీ విశ్వాసం చాలక కాదు. ఆ భారం ఈరోజే దించేయి.

ఇంతకీ ఆ ఉత్తరంలో దేవుడు చెరలో ఉన్నవాళ్లను ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు, పెళ్లిళ్లు చేసుకోమన్నాడు. మీ వైపు మామిడి అంట్లు నాటినవాళ్లు కాపు వచ్చేదాకా మధ్యలో చెనక్కాయ వేసుకోరూ? నాన్నగారికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆయన పక్కన కూర్చుని ఈ రెండు అధ్యాయాలూ పైకి చదువు, వాదించకు.

ఇంకోమాట. 2018 తర్వాత పెద్ద డీఎస్సీ మళ్లీ 2025లోనే జరిగింది, 16,347 పోస్టులకు. మధ్యలో వయసు కరిగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను, కడుపు తరుక్కుపోయింది. అది ప్రభుత్వాలు పెట్టిన ఆలస్యం. దాన్ని దేవుని సమయమని పిలవడానికి నాకు నోరు రాదు. ఆ ఆలస్యంలోనూ ఆయన మనతో ఉంటాడని మాత్రం గట్టిగా నమ్ముతాను.

మాట రాకపోతే 13వ కీర్తన చదువు. దావీదు ఎంతకాలమని దేవుణ్ణే మళ్లీ మళ్లీ నిలదీశాడు. నువ్వూ అడగొచ్చు.

స్కూల్లో చేరేముందు జీతం, రోజుకు ఎన్ని పీరియడ్లు, సెలవుల్లో జీతం ఇస్తారా అన్నది కనుక్కో. సాయంత్రం చదువుకు టైమ్ మిగలకపోతే ఇంకో స్కూలు చూసుకో. ఆ అబ్బాయి నీకు నచ్చి ఉంటే సిగ్గుపడకుండా అమ్మతో చెప్పు, మళ్లీ కబురు పంపమను.